జాగ్రత్త అంటే కూర్చోబెట్టడమేనా?

పోయిన వర్షాకాలంలో మా అత్తగారు బాత్రూంలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యాక పక్కన కూర్చున్న నాతో నెమ్మదిగా ఆవిడన్న మాట ఇప్పటికీ నన్ను నిలదీస్తూనే ఉంది. "అంతకుముందు రెండుసార్లు పడ్డానమ్మాయ్! చెబితే అడుగు కదపనివ్వరని చెప్పలేదు."

నిజమే. ఆవిడ వంటింట్లోకొస్తే "మీకెందుకత్తయ్యా, కూర్చోండి" అనేదాన్ని నేనే. మెట్లు దిగబోతే కేకలేసేది మావారు. అదంతా ప్రేమే అనుకున్నాం. కదలకుండా కూర్చుంటే కాళ్లలో కండ తగ్గి తూలతారనీ, తూలితే భయపడి మరింత కూర్చుండిపోతారనీ డాక్టరుగారు చెప్పేదాకా నాకు తట్టనేలేదు.

పైగా ముట్లుడిగాక ఆడవాళ్ల ఎముకలు త్వరగా గుల్లబారతాయి. తుంటి విరగడం మగవాళ్లకంటే మనలోనే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా దాదాపు 6 లక్షల 84 వేలమంది చనిపోతున్నారు. ప్రమాద మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. మనమేమో "వయసైపోయింది, పడ్డారు" అని ఒక్కమాటతో సరిపెట్టేస్తాం.

తప్పంతా వయసుదేనా? మా ఇల్లే చూడండి. బాత్రూంకి అద్దంలా మెరిసే టైల్సు ఏరికోరి వేయించాం. పట్టుకోవడానికి గోడకి ఒక్క స్టీలు కడ్డీ వేయించలేదు. రాత్రి లేస్తే లైటు స్విచ్చి గదికి అవతలెక్కడో. బీపీ మాత్రకి తోడు నిద్రమాత్ర. మంచం మీంచి గబుక్కున లేస్తే కళ్లు తిరగొచ్చని ఆవిడకెవరూ చెప్పలేదు. అరిగిపోయిన చెప్పులు, కాళ్లకడ్డం పడే కుచ్చిళ్లు, నాలుగేళ్లుగా మార్చని కళ్లజోడు. ఇన్ని లోపాలు మేం పెట్టుకుని నెపం ఆవిడ వయసు మీదికి నెట్టేశాం!

ఇప్పుడు కడ్డీ వేయించాం. రాత్రంతా చిన్న బల్బు వెలుగుతుంది. మాత్రలన్నీ డాక్టరుకి చూపించి సరిచేయించాం. కోలుకున్నాక ఫిజియోథెరపిస్టు నేర్పినట్టు ఆవిడ రోజూ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చుంటారు. వంటగట్టు పట్టుకుని కాసేపు ఒంటికాలి మీద నిలబడతారు. అడుగుకి అడుగు ఆనించి నడుస్తారు. పక్కన మాలో ఎవరో ఒకరం ఉంటాం. ఇలాంటి వ్యాయామాలవల్ల పెద్దవాళ్లు పడిపోవడం దాదాపు 23 శాతం తగ్గుతుందని, వందకు పైగా పరిశోధనల్ని కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2019లో తేల్చింది.

మంచాన పడ్డాక నెలల తరబడి చాకిరీ చేసేది ఎలాగూ మన ఆడవాళ్లమే. ఆ ఓపికలో పదోవంతు ముందే పెడితే ఎంత బావుంటుంది! అన్నిటికంటే ముందు "ఎప్పుడైనా పడ్డారా, తూలినట్టుంటోందా?" అని గద్దించకుండా అడుగుదాం. చెబితే నడక మానిపిస్తారన్న భయం వాళ్లకి లేకుండా చేద్దాం.

నలభైకి దగ్గరపడుతున్న నేనూ ఈమధ్య అత్తయ్య పక్కన గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడుతున్నాను. మొదటిరోజు తూలింది నేనే! ఆవిడ పకపకా నవ్వి, "మెల్లగా అమ్మాయ్, పడతావ్!" అన్నారు. ఆ మాట అనిపించుకోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు.