పింఛను బాకీ కాగితపు లెక్కయా?

ఉద్యోగులకు విరమణానంతరము చెల్లింపవలసిన పింఛను, గ్రాట్యుటీ మొదలగువానివలన సంస్థలపై బడు భారమును గూర్చి మన వాణిజ్య పత్రికలలోను, వాటాదారుల సభలలోను, లెక్కల నిపుణుల గోష్ఠులలోను నేడొక యభిప్రాయము నిర్వివాదముగా చెలామణి యగుచున్నది. ఆ భారము ముప్పది నలువదేండ్ల తరువాత తీర్పవలసినదనియు, వడ్డీరేటు అరశాతము కదలినంతనే కోట్లు పెరిగి కోట్లు తరుగునట్టి యంకెను ఆ యేటి లాభమునుండి మినహాయించినచో వ్యాపారముయొక్క నిజస్వరూపమే మరుగుపడుననియు, కావున అట్టి పద్దును కొన్ని యేండ్లకు పంచి వ్రాసికొనుటగాని, లాభమునకు దిగువ నెక్కడనో నిలిపియుంచుటగాని వివేకుల మార్గమనియు ఆ యభిప్రాయముయొక్క సారము. దీనిని చెప్పువారు అల్పులు కారు. నియంత్రణాధికారులే దీనిని పలుమార్లు మన్నించిరి. అయినను ఇది తప్పని నా వాదము. ఈ పద్ధతివలన ఎవరి సొమ్ము ఎవరి లాభముగా కనబడుచున్నదో విచారించినచో, ఇది ఉద్యోగులతో చెప్పకుండ వారియొద్దనే తీసికొన్న అప్పునకు కల్పించిన సమర్థనమని తేలును.

అసలు పింఛను ఎవరి సొత్తు? 1982 డిసెంబరు 17వ తేదీన నకారా వ్యాజ్యెములో సుప్రీంకోర్టు, పింఛను ప్రభువు దయదలచి వేయు భిక్ష కాదనియు, గతమందు చేసిన సేవకు గాను లభించు ప్రతిఫలమే యనియు స్పష్టపరచినది. నేటికిని ఆ దినమును విశ్రాంతోద్యోగులు పండుగవలె జరుపుకొనుచున్నారు. ఆ తీర్పు ప్రభుత్వోద్యోగుల విషయమున వెలువడినదే యైనను, అందలి న్యాయము తక్కిన యజమానులకు వర్తింపకుండుటకు హేతువు కనబడదు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టమును చూడుడు. పూర్తియైన ప్రతి సంవత్సరపు సేవకును, చివరి జీతమును ఇరువదియారు దినములకు విభజించి, పదునైదు దినముల వేతనము చొప్పున చెల్లింపవలెనని అందున్నది. 52,000 రూపాయల జీతముపై ఇరువదేండ్లు పనిచేసి విరమించువానికి ఏడాదికి 30,000 వంతున ఆరు లక్షలు రావలెను. ఈ ఆరు లక్షలును విరమణ దినమున ఆకసమునుండి ఊడిపడినవి కావు. ఏటేట ఆతడు ఆర్జించి, ఏటేట యజమానియొద్ద నిలువయుంచినవి. ఏడాది పొడుగున పనిచేసిన పాలేరునకు పంట యింటికి వచ్చినపుడు కొలువవలసిన గింజలను, ధర యెట్లుండునో తెలియదు గనుక బాకీ కానేకాదని ఏ రైతైనను అనగలడా?

ప్రతిపక్షుల మొదటి యాక్షేపణ, ఇదంతయు ఊహ యని. ఊహయే, కాదనను. ఇరువదేండ్ల తరువాత ఈయవలసిన లక్ష రూపాయలకు నేటి విలువ, ఏడు శాతము వడ్డీచొప్పున లెక్కగట్టినచో సుమారు 25,800 రూపాయలు. ఎనిమిది శాతమైనచో 21,500. ఆరు శాతమైనచో 31,200. ఒక్క శాతపు తేడాలో అప్పు ఐదవ వంతు పెరుగుటయో, ఆరవ వంతు తరుగుటయో జరుగుట చూచి సామాన్యుడు విస్తుపోవుట సహజము. కాని యంత్రముల తరుగుదల ఊహ కాదా? రాని బాకీలకు బ్యాంకులు చేయు కేటాయింపు ఊహ కాదా? జీవితబీమా సంస్థల నిధులన్నియు మరణపు పట్టికల మీది ఊహలే గదా? వానినెవ్వరును లాభమునుండి తప్పింపుడని కోరుట లేదు. పైగా ఈ వడ్డీరేటు యజమాని యిచ్ఛకు వదలినది కాదు. మన లెక్కల ప్రమాణములు దానిని ప్రభుత్వ బాండ్లమీది రాబడికి కట్టివేసినవి.

యజమాని యిచ్ఛకు ఎక్కువగా లోబడిన ఊహ వేరొకటి కలదు. పాఠకులు వార్షిక నివేదికల వెనుకపుటలలో దానిని సాధారణముగా చదువకయే వదలివేయుదురు. అది జీతములు ఏటికెంత పెరుగునన్న ఊహ. ముప్పదివేల జీతము ఏటికి ఐదు శాతము చొప్పున పెరిగినచో ఇరువదేండ్లకు సుమారు 79,600 రూపాయలగును. ఎనిమిది శాతము చొప్పున పెరిగినచో 1,39,800. ఆ రెండు జీతములమీద ఇరువదేండ్ల గ్రాట్యుటీ వరుసగా 9.18 లక్షలు, 16.13 లక్షలు. ఇపుడొక సంస్థ, ఇట్టి బాకీల విలువ గట్టు నిపుణుడగు యాక్చువరీకి ఐదు శాతమని చెప్పి, వాస్తవమున ఎనిమిది శాతము చొప్పున జీతములు పెంచుచు పోయినదనుకొందము. ఆ సుమారు ఏడు లక్షల తేడా ఎక్కడికి పోవును?

పాతదగు మన పదునైదవ లెక్కల ప్రమాణము, 2005లో సవరించిన రూపమున, దీనికి నిష్కర్షగా సమాధానము చెప్పినది: యాక్చువరీ లెక్కలోని లాభమైనను నష్టమైనను ఆ యేటనే లాభనష్టముల పట్టికలో వ్రాయవలెను. విదేశీయులు పదిశాతపు హద్దు లోపలి తేడాలను అసలు పట్టించుకొనకుండ తోసిపుచ్చుచున్న కాలమున ఇంత కఠినమైన నియమమును మనము పెట్టుకొంటిమి. 2016–17 నుండి పెద్ద కంపెనీలకు వర్తించుచు వచ్చిన ఇండ్ ఏఎస్ 19 అను క్రొత్త ప్రమాణము, అంతర్జాతీయ ప్రమాణమును అనుసరించి, ఆ తేడాలను ‘ఇతర సమగ్ర ఆదాయము’ అను గదిలోనికి పంపి, అచటినుండి మరెన్నడును లాభములోనికి తిరిగి రాకుండ తలుపు మూసినది. ఆస్తి అప్పుల పట్టికలో మాత్రము బాకీ పూర్తిగా కనబడునన్న మాట నిజమే, అది మేలే. కాని ఫలితమేమి? జీతపు పెరుగుదలను ఏటేట తక్కువగా ఊహించు సంస్థకు ఆ యేటి సేవకు గాను వ్రాసికొను ఖర్చు తగ్గును, ప్రకటించు లాభము పెరుగును. ఆ ఊహ తప్పైనపుడు వచ్చు నష్టములో హెచ్చు భాగము లాభమును తాకకయే పోవును. తప్పుటకు శిక్ష లేని ఊహ ఒకే వైపునకు తప్పుచుండుటలో ఆశ్చర్యమేమున్నది? లాభమును బట్టి బోనసు పుచ్చుకొను నిర్వాహకుడే ఆ ఊహను యాక్చువరీకి అందించుచున్నాడని జ్ఞాపకముంచుకొనుడు. క్రొత్త ప్రమాణము సర్వవిధముల పురోగతి యని నమ్మువారు ఈ యొక్క విషయమున మనము ఒక మెట్టు దిగితిమని గ్రహింపలేదు.

ఇక పంచి వ్రాయుటను గూర్చి. మన ప్రభుత్వరంగ బ్యాంకులలో 1995లో పింఛను నిబంధనలు వచ్చినపుడు అనేకులు ప్రావిడెంటు ఫండునే నమ్ముకొని పింఛను వలదనిరి. తరువాత వడ్డీరేట్లు దిగజారగా, తాము వదలుకొన్నదేమో వారికి తెలిసివచ్చెను. 2010 ఏప్రిల్ 27 నాటి ఒప్పందముచే వారికి రెండవమారు అవకాశము లభించినది. ఆ సంవత్సరముననే గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితి మూడున్నర లక్షలనుండి పది లక్షలకు పెరిగినది. ఆంధ్రాబ్యాంకులోనో మరియొక బ్యాంకులోనో పనిచేసి విరమించిన బంధువు లేని మధ్యతరగతి కుటుంబము మనలో అరుదు గనుక ఈ కథ పాఠకులలో పెక్కురకు ఇంటి కథయే. ఆ భారమంతయు గడచిన సేవకు సంబంధించినది. కావున ప్రమాణము ననుసరించి 2010–11 సంవత్సరపు ఖర్చుగానే వ్రాయవలసినది. కాని 2011 ఫిబ్రవరి 9వ తేదీన రిజర్వు బ్యాంకు, దీనిని ఐదేండ్లకు పంచుకొనవచ్చుననియు, ఇంకను వ్రాయని భాగమును మూలధనమునుండి తగ్గింపనక్కరలేదనియు వెసులుబాటు కల్పించినది. ఇది అసాధారణ సందర్భమని అందు చెప్పబడినది. అసాధారణమన్నది పదేండ్లకే పునరావృత్త మయ్యెను: కుటుంబ పింఛను పెంపుదల భారమునకును 2021 అక్టోబరులో సరిగా అట్టి ఐదేండ్ల గడువే దయచేయబడినది.

నష్టమును ఒక్కమారు చూపినచో బ్యాంకుల మూలధనము కుంగి, రైతులకును పరిశ్రమలకును అప్పులు పుట్టవని ఆ గడువును సమర్థించినవారు వాదించిరి. ఈ యాక్షేపణను నేను తేలికగా త్రోసివేయను. మూలధనపు కొరత నిజమైన కొరత. అయితే మూలధనపు నిష్పత్తిని లెక్కించు పద్ధతి వేరు, లాభమును చెప్పు పద్ధతి వేరు. నియంత్రణాధికారి తలచుకొన్నచో, నష్టమును పూర్తిగా పట్టికలో చూపించి, నిష్పత్తి విషయమున మాత్రము కొంతకాలము సడలింపు నీయవచ్చును. అట్లు చేసినచో బ్యాంకునకు ఊపిరి తిరుగును, లోకమునకు నిజమును తెలియును. అట్లు కాక లాభమునే సవరించుటచే, మొదటి యేట, పంచిన భారములో ఐదింట నాలుగు పాళ్ల వరకు వ్రాయని లాభములు ప్రకటింపబడినవి. ఆ లాభములనుండియే డివిడెండ్లు పంచబడినవి.

రిజర్వు బ్యాంకుయొక్క 2011 నాటి ఆ సర్క్యులరులోనే ఒక చిన్న నియమము కలదు. అప్పటికే విరమించినవారికి సంబంధించిన మొత్తమును ముందేండ్లకు నెట్టరాదని అది శాసించినది. పంచి వ్రాయుటకు అనుమతి దొరికినది ఇంకను కొలువులో నున్నవారి భాగమునకు మాత్రమే. అనగా వాయిదా యొక్క బరువు ఎవరిపై నిలుచునో రిజర్వు బ్యాంకునకు బాగుగనే తెలియును. ప్రభుత్వరంగ బ్యాంకుల వెనుక ప్రభుత్వమున్నది గనుక ఆ బరువు ఎవరి నడుమును విరుగగొట్టలేదు. అట్టి రక్షకుడు లేనిచోట ఏమగునో తెలిసికొనుటకు అమెరికాలోని సౌత్ బెండ్ నగరమును స్మరింపవలెను.

1963 డిసెంబరులో అచట స్టూడిబేకర్ కంపెనీ తన కార్ల కర్మాగారమును మూసివేసినది. యూనియనుతో కుదిరిన ఒప్పందములవలన పూర్వసేవకు గూడ పింఛను వాగ్దానము చేసి, ఆ లోటును రాబోవు యేండ్లలో మెల్లమెల్లగా పూడ్చుకొనవచ్చునని తలచిన సంస్థ యది. రాబోవు యేండ్లు రాలేదు. అరువదేండ్లు నిండినవారికి పింఛను పూర్తిగా దక్కినది. నలువదికిని అరువదికిని నడుమ వయస్సు గలిగి, జీవితములోని సారమంతయు ఆ కొలిమిలో ధారవోసిన నాలుగువేలకు పైబడిన కార్మికులకు రావలసిన దానిలో నూటికి పదునైదు పాళ్లు దక్కినది. అంతకంటె చిన్నవారికి ఏమియు దక్కలేదు. 1974 నాటి ఉద్యోగుల విరమణాదాయ చట్టమునకు దారితీసిన కారణములలో ఈ వృత్తాంతము ముఖ్యమైనది. లోటును పంచుటవలన లోటు తగ్గదు. పంచినవాడు నడుమ పడిపోయినపుడు అది ఎవరి వంతునకు వచ్చునో సౌత్ బెండ్ కార్మికులకు తెలిసినది.

మరియొక వాదము గట్టిది. బాకీని చూపుమని నిర్బంధించుటచేతనే కంపెనీలు బెదరి పింఛను పథకములను మూసివేసినవని అందురు. బ్రిటనులో 2000వ సంవత్సరమున క్రొత్త పింఛను ప్రమాణము వెలువడిన పిమ్మట కంపెనీలు వరుసగా క్రొత్త ఉద్యోగులకు తలుపులు మూసినమాట నిజమే. అమెరికాలో, విశ్రాంతోద్యోగుల వైద్యవ్యయమును బాకీగా చూపవలెనని 1990 డిసెంబరులో ప్రమాణము వెలువడగా, జనరల్ మోటార్స్ 1992లో ఒక్కమారుగా 2,080 కోట్ల డాలర్ల పద్దు వ్రాసినది. ఆ యేటి నష్టము 2,350 కోట్ల డాలర్లు. ఆ వైద్యవాగ్దానములు 1992లో చేసినవి కావు. దశాబ్దముల క్రిందటనే, జీతము పెంచుటకు బదులుగా, బేరపు బల్లయొద్ద చేసినవి. ఆ దశాబ్దములన్నిటను కారు వెలలో ఆ ఖర్చును పూర్తిగా లెక్కింపలేదు. వాటాదారుడు లాభమని తలచి తిన్నదానిలో కొంత కార్మికుని వైద్యపు సొమ్మే. బ్రిటనులో సైతము, 1990లలో నిధులు నిండుగా కనబడినంతకాలము చందాలు కట్టుట మానుకొన్న సంస్థలే, మార్కెట్లు పడిపోయి, ఆయుర్దాయము పెరిగి, వడ్డీలు తగ్గగా, నింద లెక్కలమీద వేసినవి. దాచినంతకాలము బ్రతికి, చూపగనే చచ్చు వాగ్దానము మొదటినుండియు తీర్చు తలంపుతో చేసినది కాదేమో యని సందేహింపవలసియున్నది.

ఇట్లు పంచి వ్రాయు సిద్ధాంతము పరాకాష్ఠకు పోయిన తీరును గూడ అమెరికాయే చూపినది. 1985 నాటి ప్రమాణము, పింఛను నిధి నిజముగా ఎంత ఆర్జించినదో కాక, ఎంత ఆర్జించునని యజమాని ఆశించునో దానిని వ్యయమునుండి తగ్గించుకొనుటకు అనుమతించినది. 2000 మొదలు 2002 వరకు స్టాకు మార్కెట్లు కూలుచుండగా, పెక్కు కంపెనీలు తొమ్మిది శాతము చేరువలో రాబడి ఊహించి, నిధి కరగిపోవుచున్న యేటనే దానినుండి ఆదాయము వచ్చినట్లు పద్దులు వ్రాసినవి! 2011లో అంతర్జాతీయ ప్రమాణకర్తలు ఈ ఆశారాబడిని తొలగించిరి. వారిని విమర్శించుచున్న నేను ఈ మేలును మరువరాదు.

మన దేశమున ఈ కాగితపు లెక్క వాదమునకు మరియొక ముఖము కలదు. బ్యాంకుల విశ్రాంతోద్యోగులు, వేతన ఒప్పందములతోపాటు తమ మూల పింఛనును గూడ సవరింపుడని ఎన్నో యేండ్లుగా మొరపెట్టుకొనుచున్నారు. అపుడు యాజమాన్యములు ఏ యాక్చువరీ అంకెను ఎదుట పెట్టి, ఈ భారమును మోయజాలమని చెప్పుచున్నవి? లాభమును ప్రకటించునపుడు దూరపు ఊహ యనిపించుకొన్న అంకెయే, ముసలివారు చేయి చాచినపుడు నేటి యినుపగుండుగా మారుచున్నది. రెంటిలో నేదో యొకటి నిజము కావలెను గదా.

నేను కోరునది పెద్దది కాదు. పాత ప్రమాణము క్రింద ప్రతి సంస్థయు ఆ యేటితోపాటు అంతకుముందటి నాలుగేండ్లకును, ఊహకును అనుభవమునకును నడుమ కలిగిన తేడాలను వరుసగా ముద్రింపవలసి యుండెను. క్రొత్త ప్రమాణము ఆ ఐదేండ్ల చరిత్రను తొలగించినది. దానిని మరల తేవలెను. యాక్చువరీకి చెప్పిన జీతపు పెరుగుదల ఒక గడిలోను, నిజముగా నిచ్చిన పెరుగుదల దాని ప్రక్క గడిలోను, ఆ తేడావలన లాభమును తాకకుండ పోయిన మొత్తము మూడవ గడిలోను ఉండవలెను. ఈ మూడు గడులకు కావలసిన అంకెలన్నియు ప్రతి సంస్థ జీతముల శాఖలోను, యాక్చువరీ నివేదికలోను ఇప్పటికే యున్నవి. వానిని ఒకే పుటలో అచ్చువేయుటకు ఏ ప్రమాణమును అడ్డు చెప్పుట లేదు.