అభ్యంతరం చెప్పిన సిపాయికి 900 కొరడా దెబ్బలు

కేంద్ర రక్షణ మంత్రిత్వ శాఖకు, సిమ్లాలోని సైన్య శిక్షణ కమాండ్‌కు తిరుపతి నుంచి బహిరంగ లేఖ

సైన్యంలో కొత్తగా చేరిన యువకుడి మీద తొలి నెలల్లో శిక్షకుడికి ఉండే అధికారం పౌరజీవితంలో ఏ ఉపాధ్యాయుడికీ, ఏ యజమానికీ ఉండదు. నిద్ర, తిండి, దుస్తులు, జుట్టు, మాట్లాడవలసిన భాష, ఇంటికి ఫోన్ చేసుకునే వేళ, అన్నీ ఆ శిక్షకుడి ఆజ్ఞకు లోబడి ఉంటాయి. అంత అధికారం లేనిదే సైన్యం తయారు కాదన్న వాదనలో నిజం ఉంది. అయితే శిక్షణార్థి పుట్టుకను, రంగును, భాషను, కులాన్ని, మతాన్ని చిన్నచూపు చూసే మనస్తత్వం చేతికి ఆ అధికారం చిక్కితే ఏం జరుగుతుందో చెప్పే అత్యంత స్పష్టమైన చారిత్రక ఉదాహరణ, చిత్తూరు పట్టణానికి 40 కిలోమీటర్ల లోపే ఉన్న వేలూరు కోటలో 1806లో నమోదైంది. ఆ ఘటన నుంచి భారత సైన్య శిక్షణ వ్యవస్థ నేర్చుకోవలసినది ఇంకా మిగిలే ఉందని విన్నవించడం, అందుకు తగిన కొన్ని మార్పులను కోరడం ఈ లేఖ ఉద్దేశం.

ఆనాడు మద్రాసు సైన్యానికి సర్ జాన్ క్రాడక్ అధిపతి కాగా, లార్డ్ విలియం బెంటింక్ గవర్నరు. దళానికో తీరుగా ఉన్న పద్ధతులన్నిటినీ ఒకే అచ్చులోకి తేవాలన్న తలంపుతో, అడ్జుటెంట్ జనరల్, అంటే సైన్యాధిపతి ఆజ్ఞలను రాతలో పెట్టి దళాలకు పంపే ఉన్నతాధికారి, ఒక కొత్త నియమావళిని సిద్ధం చేయగా, 1806 తొలి నెలల్లో అది అమలులోకి వచ్చింది. యూనిఫాంలో ఉన్న సిపాయి నుదుట కులమత చిహ్నాలు పెట్టుకోకూడదని, చెవులకు పోగులు ధరించకూడదని, కవాతుకు వచ్చేటప్పుడు గడ్డం నున్నగా గీయించుకోవాలని, మీసకట్టు అందరికీ వీలైనంత ఒకే తీరులో ఉండాలని అందులోని 11వ విభాగం 10వ పేరా శాసించింది. అంతకుముందే, 1805 నవంబరులో, పాత తలపాగాకు బదులు తోలుతో చేసిన అలంకారం ఉన్న కొత్త తలపాగాను ఖరారు చేశారు. ఆ తోలు ఆవుదో పందిదో అన్న అనుమానం హిందువులనూ ముస్లింలనూ ఒక్కసారే కలవరపెట్టింది. పైగా దాని ఆకారం దొరల టోపీని పోలి ఉండడంతో, అది తలకెక్కితే మతం మారినట్టేనని ఊళ్లో బంధువులు వెలివేస్తారన్న భయం సిపాయిల్లో బలపడింది.

1806 మే నెల మొదట్లో వేలూరులోని 4వ రెజిమెంటు రెండో బెటాలియన్ సిపాయిలు కొత్త తలపాగా ధరించడానికి నిరాకరించారు. వారు ఆయుధం ఎత్తలేదు, ఎవరినీ గాయపరచలేదు. అయినా సైన్యాధిపతి మెత్తబడలేదు. 10 మంది ముస్లింలను, 11 మంది హిందువులను మద్రాసుకు తరలించి కోర్ట్ మార్షల్ ఎదుట, అంటే సైనికాధికారులే న్యాయమూర్తులుగా కూర్చునే విచారణ సభ ఎదుట నిలబెట్టారు. ఇద్దరికి 900 చొప్పున కొరడా దెబ్బలు, ఉద్యోగం నుంచి తొలగింపు శిక్షగా పడ్డాయి. మిగిలిన 19 మందికి 500 చొప్పున దెబ్బలు విధించి, క్షమాపణ చెప్పుకున్న మీదట వారిని వదిలిపెట్టారు. జూన్ చివరికి క్రాడక్‌లోనే సందేహం మొదలై ప్రభుత్వ సలహా కోరగా, ఈ దశలో వెనక్కి తగ్గితే బలహీనతగా కనిపిస్తుందన్న అభిప్రాయమే మద్రాసు ప్రభుత్వంలో నెగ్గింది.

దీనికంటే ఎక్కువగా ఆలోచింపజేసే సంగతి ముస్తఫా బేగ్ అనే సిపాయిది. వేలూరు దళాల్లో కుట్ర సాగుతోందని అతడు జూన్‌లోనే కర్నల్ ఫోర్బ్స్‌కు తెలియజేశాడు. విషయాన్ని విచారించమని ఆ అధికారి దేశీయ ఆఫీసర్ల సంఘానికే అప్పగించగా, అసంతృప్తితో రగులుతున్న ఆ ఆఫీసర్లు ముస్తఫా బేగ్‌కు మతి చలించిందని తేల్చి అతణ్ణి నిర్బంధంలో పెట్టించారు. కొన్ని వారాలకే, జూలై 10 తెల్లవారుజామున, కోటలోని సిపాయిలు తిరగబడి నిద్రలో ఉన్న 69వ రెజిమెంటు బ్రిటిష్ సైనికులపై కాల్పులు జరిపారు. కోట అధిపతి కర్నల్ ఫాన్‌కోర్ట్‌తో సహా వందమందికి పైగా బ్రిటిష్ వారు మరణించారు. ఆర్కాటు నుంచి అశ్వదళంతో దూసుకువచ్చిన కర్నల్ గిలెస్పీ ఆ ఉదయమే కోటను తిరిగి పట్టుకోగా, వందల సంఖ్యలో సిపాయిలు హతమయ్యారు. వారిలో కొందరిని బంధించి, గోడకు ఆనించి వరుసగా నిలబెట్టి కాల్చారు. తర్వాత విచారణలు జరిపి కొందరిని ఫిరంగి నోటికి కట్టి పేల్చారు, కొందరిని ఉరి తీశారు, కొందరిని ద్వీపాంతరం పంపారు. తలపాగా ఉత్తర్వులు ఆ జూలైలోనే రద్దయ్యాయి. మరుసటి ఏడాది క్రాడక్‌ను, బెంటింక్‌ను లండన్ వెనక్కి పిలిపించింది. అదే బెంటింక్ 1835లో గవర్నర్ జనరల్‌గా దేశీయ సైన్యంలో కొరడా శిక్షను రద్దు చేశాడు. పదేళ్లకే ఆ శిక్ష తిరిగి వచ్చి, భారత సైన్యంలో 1920 వరకు చట్టంలో నిలిచి ఉంది.

హైదరాబాదులో అదే నెలలో జరిగినది వేరు. నిజాం రాజ్యంలో మకాం వేసిన ఈస్టిండియా కంపెనీ దళాల్లో కూడా అవే ఉత్తర్వులపై అలజడి రేగగా, అక్కడి అధికారి మాంట్రసర్, రెసిడెంటు, అంటే నిజాం కొలువులోని కంపెనీ ప్రతినిధి సిడెన్‌హామ్‌తో సంప్రదించి, మద్రాసు అనుమతి కోసం ఎదురుచూడకుండా తన బాధ్యత మీదే ఆ ఆజ్ఞలను నిలిపివేశాడు. వేలూరు రక్తపాతం హైదరాబాదులో పునరావృతం కాలేదు. ఒకే సైన్యం, ఒకే నియమావళి, ఒకే రకమైన సిపాయిలు ఉన్న ఆ రెండు చోట్ల ఫలితాలను వేరు చేసినది, కింది నుంచి వచ్చిన అభ్యంతరాన్ని పై అధికారి చెవిన పెట్టుకున్న తీరే.

పాఠ్యపుస్తకాలు వేలూరును స్వాతంత్ర్య పోరాటానికి తొలి అంకంగా చూపుతాయి. టిప్పు సుల్తాన్ కుమారులు ఆ కోటలోనే బందీలుగా ఉండడం, తిరుగుబాటు వేళ మైసూరు జెండా ఎగరడం ఆ చిత్రణకు ఆధారాలు, అది తప్పు కూడా కాదు. అయితే సైనిక శిక్షకుడు ఆ ఘటనను మరో కోణంలో చదవాలి. నియమావళిని రాసినవారికి సిపాయి నుదుటి గుర్తు శుభ్రం చేయవలసిన మరకగా కనిపించింది. ఆ చూపునే నేటి భాషలో జాతి వివక్ష అంటున్నారు. అంటే ఒక సమూహంలో పుట్టిన కారణంగా మనిషి ఆచారాన్ని, రూపాన్ని, బుద్ధిని తక్కువగా లెక్కగట్టి, ఆ లెక్కను అధికార బలంతో అతని శరీరం మీద అమలు చేయడం.

ఈ విషయం తిరుపతి వాసులకు మరింత దగ్గరది. 1801లో కర్ణాటక నవాబు రాజ్యం కంపెనీ వశమైనప్పటి నుంచి 1843లో హథీరాంజీ మఠం మహంతుకు అప్పగించే వరకు తిరుమల ఆలయ పాలన కంపెనీ కలెక్టర్ల చేతిలోనే ఉంది. ఆలయ ఆదాయం ఖజానాకు చేరుతున్నంత కాలం అక్కడి ఆచారాలకు భంగం కలగకుండా వారు ఎంతో జాగ్రత్త పడ్డారు. 1803లో స్ట్రాటన్ ఆలయ వ్యవహారాలపై వివరంగా నివేదిక ఇచ్చాడు, 1821లో బ్రూస్ కోడ్ పేరిట పాలనా నియమాలు క్రోడీకరించారు. కొండ మీది తిరునామాన్ని అంతగా గౌరవించిన ప్రభుత్వమే, ఆ కొండకు మొక్కుకునే సిపాయి నుదుట అదే నామాన్ని కవాతు మైదానంలో చెరిపించింది. తలనీలాలు ఇచ్చే మొక్కుతో కొండెక్కే భక్తుడు తన ఇష్టంతో కత్తికి తల వంచుతాడు. వేలూరు సిపాయి గడ్డానికి తగిలిన కత్తి వెనుక ఆ ఇష్టం లేదు. సైన్యంలో జుట్టు కత్తిరింపుకు, గడ్డానికి నియమాలు ఉండడం ఏ దేశంలోనైనా సహజమే. ఆ నియమానికి కారణం చెప్పారా, అభ్యంతరాన్ని విన్నారా, కాదన్నవాణ్ణి అవమానించారా అన్న ప్రశ్నల దగ్గరే న్యాయాన్యాయాలు తేలుతాయి.

వేలూరు తర్వాత మద్రాసు సైన్యంపై పరచుకున్న మరో నీడ యుద్ధజాతుల సిద్ధాంతం. కొన్ని జాతులు పుట్టుకతోనే యోధులని, మిగిలినవి కత్తి పట్టడానికి పనికిరావని చెప్పే ఈ భావన 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ సైన్యాధికారుల్లో బలపడింది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యాధిపతిగా, ఆపై 1893 వరకు భారత సైన్యాధిపతిగా పనిచేసిన ఫ్రెడరిక్ రాబర్ట్స్, దక్షిణాది సిపాయి యుద్ధానికి తగడన్న నమ్మకంతో నియామకాలను పంజాబు, నేపాల్ వైపు మళ్లించాడు. తెలుగువారిని చేర్చుకోవడం 19వ శతాబ్దం ముగిసేసరికి దాదాపు నిలిచిపోయింది. 1903 పునర్వ్యవస్థీకరణలో మద్రాసు పదాతి దళాలు అనేకం పంజాబీ దళాలుగా కొత్త పేర్లు పెట్టుకున్నాయి. మిగిలిన మద్రాసు రెజిమెంటును కూడా మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పొదుపు పేరుతో రద్దు చేసి, రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు కావలసి వచ్చినప్పుడు తిరిగి నిలబెట్టారు. కంపెనీ కోసం శతాబ్దానికి పైగా యుద్ధాలు చేసిన ఒక ప్రజాసమూహాన్ని అదే ప్రభుత్వం పిరికిదని ముద్ర వేసి పక్కన పెట్టడం, ఈ ప్రాంతపు సైనిక చరిత్రలో వేలూరు కొరడా దెబ్బల కంటే ఎక్కువకాలం నొప్పించిన గాయం.

ఆ సిద్ధాంతాన్ని స్వతంత్ర భారతం అధికారికంగా తిరస్కరించింది. 1949లో ఏర్పడిన గార్డ్స్ దళం అన్ని ప్రాంతాల, అన్ని కులాల వారితో మొదలైంది. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కూడా నియామకాలను అఖిల భారత, సర్వ వర్గాల ప్రాతిపదికన జరుపుతామని ప్రకటించింది. అయినా రాష్ట్రపతి అంగరక్షక దళంలో జాట్, రాజ్‌పుత్, జాట్ సిక్కు వర్గాలకే అవకాశం దక్కే పద్ధతి కొనసాగింది. దానిపై 2018లో ఢిల్లీ హైకోర్టులో పిటిషన్ కూడా దాఖలైంది. రాజ్యాంగం 15వ అధికరణం పుట్టుక ఆధారంగా వివక్షను నిషేధించిన దేశంలో, దేశాధినేత పక్కన నిలబడే సైనికుడి అర్హతను పుట్టుకే నిర్ణయించడం సమర్థనీయం కాదు.

శిక్షణ కేంద్రాల విషయానికి వస్తే, సికింద్రాబాదులోని సైనిక యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ, ఆయుధ సామగ్రి సరఫరా చూసే ఏఓసీ కేంద్రాలకు, హైదరాబాదులోని ఆర్టిలరీ కేంద్రానికి, నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌కు, ఉత్తరాది కేంద్రాలకు ఉమ్మడి చిత్తూరు జిల్లా యువకులు ఏటా వెళుతున్నారు. కలికిరిలో 2014 నుంచి సైనిక్ స్కూలు నడుస్తోంది. 2021 డిసెంబరులో కూనూరు వద్ద జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లాన్స్ నాయక్ సాయితేజ కురబలకోట మండలం వాడే. ఇలాంటి పల్లెల నుంచి వెళ్లే రంగ్రూట్, అంటే కొత్త సైనికుడు, శిక్షణ మొదలైన నాటి నుంచే హిందీలో ఆజ్ఞలు అర్థం చేసుకోవాలి. ఉస్తాద్ అని పిలిచే శిక్షకుడు రగడా పేరిట ఇచ్చే అదనపు కసరత్తును భరించాలి. ఆ కసరత్తు శరీరాన్ని గట్టిపరచడానికైతే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆజ్ఞ అర్థం కాలేదన్నందుకు, మద్రాసీ అన్న పిలుపుతోనో, నల్లవాడన్న ఎగతాళితోనో, కులం పేరుతోనో అదే కసరత్తు విధిస్తే, అది శిక్షణ పేరుతో సాగే అధికార దుర్వినియోగం. ఈశాన్య రాష్ట్రాల వారు నగరాల్లో ముఖకవళికల కారణంగా ఎదుర్కొంటున్న అవమానాలపై 2014లో బెజ్‌బరువా కమిటీ నివేదిక ఇచ్చింది. ఆ అవమానాలు చేసే సమాజం నుంచే శిక్షకుడూ వస్తాడు కాబట్టి, అదే చూపు బ్యారక్ గేటు దగ్గర ఆగిపోతుందని అనుకోవడానికి వీలులేదు.

చట్టం ఈ ప్రమాదాన్ని గుర్తించకపోలేదు. 1950 నాటి ఆర్మీ చట్టం 47వ సెక్షన్ కింద, కిందిస్థాయి వ్యక్తిపై బలప్రయోగం చేసినా, అతణ్ణి హింసించినా ఏడేళ్ల వరకు జైలు శిక్ష విధించవచ్చు. అన్యాయం జరిగిందనుకునే జవాను తన సైనిక కంపెనీ అధిపతికి, ఆ అధిపతి మీదే ఫిర్యాదైతే అతని పై అధికారికి చెప్పుకోవచ్చని 26వ సెక్షన్ అంటుంది. 2007 చట్టంతో సాయుధ దళాల ట్రిబ్యునల్ కూడా ఏర్పడింది. లోపం ఉన్నది దారి పొడవునా. ఇంకా ప్రమాణం కూడా చేయని, చేతిలో ఫోన్ లేని, హిందీ సరిగా రాని పద్దెనిమిదేళ్ల యువకుడి ఫిర్యాదు, ట్రిబ్యునల్ దాకా వెళ్లేలోగా, ఏ మెట్టు ఎక్కినా ఆ ఆజ్ఞా శ్రేణిలోనే తిరుగుతుంది. ముస్తఫా బేగ్ మాట నిజమో కాదో తేల్చే పని ఎవరి చేతికి వెళ్లిందో, ఈనాటి ఫిర్యాదు కూడా అలాంటి చేతులకే వెళ్లే అవకాశం ఈ నిర్మాణంలో ఉంది.

ఇతర దేశాలు ఈ లోపాన్ని భారీ మూల్యం చెల్లించాకే సరిదిద్దుకున్నాయి. బ్రిటన్‌లో డీప్‌కట్ శిక్షణ శిబిరంలో 1995, 2002 మధ్య నలుగురు యువ సైనికులు తుపాకి గాయాలతో మరణించారు. ఆ మరణాలపై జరిగిన సమీక్ష చివరికి సైనిక ఫిర్యాదులకు స్వతంత్ర అధికారిని నియమించడానికి దారితీసింది. అమెరికాలోని పారిస్ ఐలాండ్ మెరైన్ శిక్షణ కేంద్రంలో ముస్లిం శిక్షణార్థులను మతం పేరుతో హింసించిన డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్‌కు 2017లో కోర్ట్ మార్షల్ పదేళ్ల జైలు విధించింది. అప్పటికే వారిలో ఒక యువకుడు మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. నాజీ సైన్యపు అనుభవం నుంచి బయటపడిన జర్మనీ మాత్రం 1956లోనే రాజ్యాంగాన్ని సవరించి, ఏ సైనికుడైనా పై అధికారుల ప్రమేయం లేకుండా నేరుగా లేఖ రాయగల పార్లమెంటు కమిషనర్ పదవిని సృష్టించింది. దానివల్ల జర్మన్ సైన్యంలో క్రమశిక్షణ కుప్పకూలలేదు.

కాబట్టి మంత్రిత్వ శాఖ మొదట చేయవలసినది, శిక్షణ కేంద్రాల ఫిర్యాదులను స్వీకరించి విచారించే అధికారాన్ని ఆజ్ఞా శ్రేణికి వెలుపల, పార్లమెంటుకు జవాబుదారీగా ఉండే ఒక పదవికి అప్పగించడం. ఆ పదవిలో ఉన్నవారు ప్రతి ఏడాది ఫిర్యాదుల సంఖ్యను, తీసుకున్న చర్యలను సభ ముందు ఉంచాలి. ఫిర్యాదు చేసినవాణ్ణి శిక్షణ ముగిసేదాకా అదే ఉస్తాద్ కింద ఉంచకూడదు. అంగరక్షక దళ నియామకాల్లో కుల నిబంధనను ఎత్తివేయాలి. సైన్య శిక్షణ కమాండ్ తన వంతుగా శిక్షకుల కోర్సులో వేలూరును, హైదరాబాదును పక్కపక్కనే ఉంచి, ఆజ్ఞ ఇచ్చే నైపుణ్యంతో పాటు ఆజ్ఞను వెనక్కి తీసుకునే ధైర్యాన్ని కూడా బోధించాలి.

ఇవన్నీ జరగడానికి సమయం పట్టవచ్చు కాబట్టి, ఆలోగా ఒక చిన్న పని వెంటనే చేయవచ్చు. రాయలసీమ యువకుల ఎంపిక చూసే గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ కార్యాలయం, ఎంపికైన ప్రతి ఒక్కరికీ ఇచ్చే కాగితాలతో పాటు 26, 47 సెక్షన్లు ఏం చెబుతున్నాయో, ఫిర్యాదు ఎవరికి, ఎలా పంపాలో తెలుగులో అచ్చు వేసిన ఒక పుటను వారికీ, వారి తల్లిదండ్రులకూ అందించాలి. దీనికి చట్ట సవరణ అక్కరలేదు, కొత్త నిధులూ అక్కరలేదు. ఒక్క సర్క్యులర్‌తో ఈ నియామక సంవత్సరం నుంచే ప్రారంభించవచ్చు.