వంటయింటి ముచ్చటలు: సకినముల సారె, బిస్కత్తుల డబ్బా

సంక్రాంతి దగ్గఱపడినదని తెలిసికొనుటకు ఉత్తర తెలంగాణమున పంచాంగము చూడవలసిన పని లేదు. కరీంనగరు, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, మంచిర్యాల, ఏ యూరి వీధిని నడచినను, కాగిన నూనెలో నువ్వులును వామును కలిసి వేగు కమ్మని వాసన ఎదురు వచ్చును. ఈ మాసము సకినములను గూర్చి నాలుగు మాటలు వ్రాయుదమని కూర్చుండగా, కరీంనగరు ప్రాంతమునుండి ఒక సోదరి వ్రాసిన లేఖ చేతికి వచ్చినది. అందలి ముఖ్యాంశమును ఇందు పొందుపఱచుచున్నాను.

“మా బిడ్డకు గడచిన వైశాఖమున పెండ్లి చేసితిమి. ఇది మొదటి సంక్రాంతి. మా వైపు ఆచారము ప్రకారము పిల్లతో సకినముల సారె పంపవలెను. తమ బంధువుల యిండ్లన్నిటికిని పంచుటకు చాలినన్ని కావలెనని వియ్యపురాలు కబురు చేసినది. నాకు రెండేండ్లనుండి మణికట్టు నొప్పి. కూలికి మనుష్యులను పిలిచి చేయింతమన్న అప్పు చేయక తప్పదు. పిల్ల హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నది. దాని యింట ఓవెను కలదు. ‘అమ్మా, నీవు శ్రమపడవలదు. నువ్వులు, వాము వేసి నేనే బిస్కత్తులు కాల్చి తెచ్చెదను, అవియే పంచుదము’ అనుచున్నది. నాకు నవ్వును వచ్చినది, దుఃఖమును వచ్చినది. బిస్కత్తులు సారె యగునా?”

ఈ లేఖలో ప్రశ్న ఒక్కటిగా కనబడుచున్నను, నిజమునకు మూడున్నవి. ఒకటి చేతి నొప్పి, రెండవది అప్పు, మూడవది ఆచారము. మూడింటిని వేఱువేఱుగా విచారింతము.

సకినము నిన్న మొన్న పుట్టిన వంట కాదు. సంస్కృతమున దీనివంటి పిండివంటకు శష్కులి యని పేరు. దానినుండి చక్కిలమును, చక్కిలమునుండి సకినమును వచ్చినవని పెద్దలు చెప్పుదురు. ఆయుర్వేద గ్రంథములలో చెవి డొప్పను కర్ణశష్కులి యందురు. చుట్లు చుట్లుగా నున్న చెవిని చూచినపుడు ప్రాచీన వైద్యులకు తమ యింటి పిండివంట జ్ఞప్తికి వచ్చెనన్న మాట!

గోదావరికి దక్షిణమున కరీంనగరు సీమ, ఉత్తరమున ఆదిలాబాదు సీమ. పూర్వము ఈ సీమల మెట్టనేలలయందు జొన్నయే నిత్యాహారము. చెఱువు క్రింద పండిన వరి పండుగలకును, చుట్టములకును దాచుకొను వస్తువు. పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ ప్రాజెక్టునకు 1963వ సంవత్సరమున శంకుస్థాపన జరిగి, పిమ్మట కాకతీయ కాలువ నీరు పొలములకు పాఱిన తరువాత గదా వరి విస్తారముగా పండసాగినది. కావున ఆ కాలమున పుట్టింటినుండి ఒక గంపెడు సకినములు వచ్చినవనగా, కొత్త బియ్యమును తాము తినక బిడ్డకు పంపిరని అర్థము. నువ్వులును ఈ నేలకు పరాయివి కావు. జగిత్యాల చెంతనున్న పొలాసలోని వ్యవసాయ పరిశోధన కేంద్రమున నువ్వుల వంగడములపై ఎంతో కృషి జరిగినది. శ్వేత తిల్ అను తెల్ల నువ్వుల రకము అక్కడ పుట్టినదే.

ఇంకొక సంగతి ముఖ్యముగా గమనింపదగినది. పూర్వము సకినములు ఏ తల్లియు ఒంటరిగా చుట్టలేదు. ఇరుగుపొరుగు స్త్రీలను బొట్టు పెట్టి పిలిచెడివారు. పిండితో గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ లుంచి, పని మొదలుపెట్టెడివారు. నేడు వీరు వారి యింట చుట్టిన, రేపు వారు వీరి యింట చుట్టుదురు. కూలి మాట లేదు, అప్పు మాట లేదు. పది చేతులు కలిసి చేసినందువలననే గంపలు నిండినవి. ఇపుడు గంప లెక్క మాత్రము మిగిలినది, చేతులు చెదరిపోయినవి. కొందఱు పట్టణములకు, కొందఱు దుబాయి, మస్కటులకు, కొందఱు మగ్గముల పనికై భివండి, షోలాపురములకు వలసపోయిరి. పది చేతుల పనిని ఒక్క తల్లి నొప్పి చేతిపై మోపుట ఆచారమును నిలుపుట కాదు. ఆచారములో బరువును మాత్రము నిలుపుకొని, తోడును విడిచిపెట్టుట.

ఇక బిస్కత్తు మాట. పండుగకు సుగంధద్రవ్యములు చేర్చి చిఱుతిండ్లు చేసి పంచుట మన యొక్కరి వాడుకయే కాదు. జర్మనీ దేశమున న్యూరంబర్గు పట్టణపు లెబ్‌కూఖెన్ అను బిస్కత్తు శతాబ్దములనుండి ప్రసిద్ధము. దాల్చినచెక్క, లవంగము మొదలగువానిని చేర్చి క్రిస్మసునకు చేయుదురు. స్వీడను దేశమువారు అల్లము చేర్చిన పలుచని బిస్కత్తులు కాల్చుదురు. తల్లులును పిల్లలును కూడి చేసి, డబ్బాలలో నింపి, తెలిసినవారికి పంచుదురు. ఆ లవంగములును, ఆ దాల్చినచెక్కయు మన తూర్పు సముద్రముల దారిని పోయినవే. వారిది చలిదేశము, కాల్చు పొయ్యి యింటిని వెచ్చగా నుంచును, గోధుమయు వెన్నయు సమృద్ధి. కావున వారు కాల్చిరి. మనకు బియ్యమును, నువ్వుల నూనెయు దొరకినవి. కావున మనము వేయించితిమి. అయినను నిప్పుసెగపై నెమ్మదిగా కాల్చుట మనకు తెలియనిది కాదు. గంజులో అద్ది, మూతపెట్టి, ఎఱ్ఱగా కాల్చు సర్వపిండి కరీంనగరు వంటయింటి బిడ్డయే గదా!

“అట్లయిన సకినములనే ఓవెనులో కాల్చరాదా?” యని కొందఱడుగవచ్చును. కాల్చినచో పన్ను విఱుగును. బియ్యపు పిండిలో గోధుమ పిండిలోని జిగురు లేదు. సకినపు పిండిలో వెన్నయు నూనెయు కలుపము. కాగిన నూనెలో వేసినపుడు అన్నివైపులనుండి వేడి ఒక్కసారి తగిలి, లోని నీరు ఆవిరియై వెడలి, సన్నని రంధ్రములేర్పడును. అందువలననే అది నోటిలో గుల్లగా విఱుగును. ఓవెనులోని వేడిగాలి నెమ్మదిగా ఎండించును గాన గట్టిపడును. కాబట్టి సకినమును సకినముగానే వేయించవలయును. బిస్కత్తును బిస్కత్తుగానే కాల్చవలయును. రెండింటికిని నువ్వులు, వాము ఉమ్మడి.

సోదరి కుమార్తె కొఱకు ఒక పద్ధతి వ్రాయుచున్నాను. గోధుమ పిండి 150 గ్రాములు, జొన్న పిండి 100 గ్రాములు, నువ్వులు 40 గ్రాములు, వాము ఒక చిన్న చెంచా, ఉప్పు ముప్పాతిక చెంచా, కారము అర చెంచా, బేకింగు పౌడరు అర చెంచా కలిపి యుంచుకొనవలెను. చల్లని వెన్న 120 గ్రాములు చేర్చి, పిండి ఇసుకవలె పొడిపొడిగా నగువఱకు వ్రేళ్ల కొసలతో నలుపవలెను. పిమ్మట మూడు నాలుగు పెద్ద చెంచాల పెరుగుతో ముద్ద చేయవలెను. చపాతీ పిండివలె ఎక్కువగా మర్దింపరాదు, బిస్కత్తు సాగి గట్టిపడును. అరగంట చల్లనిచోట నుంచి, పావు అంగుళము మందమున ఒత్తి, గిన్నె అంచుతో కోసి, ముందుగా వేడిచేసిన ఓవెనులో 170 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిని 18 మొదలు 20 నిమిషములు కాల్చవలెను. అంచులు బంగారు రంగు తిరిగినపుడు తీయవలెను. తీయగానే మెత్తగా నున్నవని భయపడరాదు. చల్లారిన పిమ్మట కరకరలాడును. జొన్న చేర్చుట నా పక్షపాతమే. పండుగకు వరి, నిత్యమునకు జొన్న యన్న పాత లెక్కలో, నిత్యాన్నమునకును పండుగనాడు ఒక పీట వేసినట్లుండును.

ఇక సకినములు. ఒక కిలో కొత్త బియ్యమును రాత్రి నానవేసి, తెల్లవాఱి నీరు వడకట్టి, తడి యుండగనే పిండి చేసి జల్లించవలెను. అందు 150 గ్రాముల నువ్వులు, 15 గ్రాముల వాము, 20 గ్రాముల ఉప్పు కలిపి, కొంచెము కొంచెముగా నీరు చిలుకరించి పిసుకవలెను. వ్రేళ్ల నడుమ మెలిపెట్టి విడిచినపుడు తీగ తెగరాదు, జాఱరాదు. అదియే పాకము. శుభ్రమైన నూలుబట్ట పఱచి, చిన్న చుట్టుతో మొదలిడి, మూడు నాలుగు చుట్లు చుట్టవలెను. బట్ట నూలుదే కావలయును. పాలియెస్టరు బట్ట నీటిని పీల్చదు, సకినము ఆఱదు. పాత ధోవతి యన్నిటికంటె మేలు.

ఆఱని సకినము ప్రమాదకరము. ఈ మాట ప్రత్యేకముగా మనవి చేయుచున్నాను. పిండిలో ఉండలున్నను, చుట్టు ఒకచోట లావై లోన తడి నిలిచినను, పైభాగము వేగి మూసికొనిన పిదప లోని ఆవిరికి దారి దొరకదు. అప్పుడది టప్పున ప్రేలి, కాగిన నూనెను ముఖముపైకి చిమ్మును. కావున పిండిని జల్లించుట మానరాదు. కనీసము అరగంట ఆఱనీయవలెను. బాణలిలో నూనె సగమునకు మించరాదు. సకినమును పలుచని పళ్లెముపైకి తీసి అంచునుండి జాఱవిడువవలెను. పసిపిల్లలను దరికి రానీయరాదు. నూనె అంటుకొన్నచో నీరు పోయరాదు. పొయ్యి ఆర్పి మూత పెట్టవలెను. చేయి కాలినచో పసుపు, వెన్న, సిరా పూయక, ధారగా పాఱు చల్లని నీటిక్రింద 20 నిమిషము లుంచి, గాయము పెద్దదైన వైద్యునివద్దకు పోవలెను.

సకినములు పూర్తిగా చల్లారిన తరువాత డబ్బాలో నింపవలెను. కొన్నాళ్లకు మెత్తబడినచో, ఓవెనులో 120 డిగ్రీల వేడిమిని పది నిమిషము లుంచిన మరల కరకరలాడును. చూచితిరా సోదరీ, కూతురి ఓవెను తల్లి సకినములకును పనికివచ్చినది!

ఇక మొదటి ప్రశ్నకు తిరిగి వత్తము. బిస్కత్తులు సారె యగునా? ఆచారము కొత్త రూపమును ధరించుట దోషము కాదు. ఆదిలాబాదు అడవుల ఇప్పపువ్వు ఆదివాసుల ప్రాచీనాహారము. నేడు ఉట్నూరు స్త్రీలు సంఘముగా నేర్పడి దానిని లడ్డూలుగా చేసి అమ్ముచున్నారు. రూపము కొత్తది, పువ్వు పాతదే. అట్లే పుట్టింటి నువ్వులును, పుట్టింటి ప్రేమయు బిస్కత్తులో నున్నను సారెయే యగును.

అయినను సకినములను పూర్తిగా మానవలదని నా సలహా. పండుగకు నాలుగు దినములు ముందుగా కూతురిని, అల్లుని పిలిపింపుడు. ఒక్క కిలో బియ్యము నానవేయుడు. మీరు పీటపై కూర్చుండి చూపుడు. చుట్టుట వారి పని. అల్లుడు మగవాడని వెనుదీయనక్కఱలేదు. తినుటకు లేని సిగ్గు చుట్టుటకేల? మొదటి పది వంకరపోవును, పోనిండు. ఆ మెలిక ఏ పుస్తకమునను వ్రాయుటకు వీలుకానిది. చేతినుండి చేతికే పోవలెను. మీ చేయి నొచ్చుచున్నది గాన ఈ యేడే నేర్పుట మేలు. వియ్యపురాలి యింటికి ఈ సకినములును, బంధువులకు పంచుటకు పిల్ల కాల్చిన బిస్కత్తుల పొట్లములును పంపుడు.

అప్పు మాత్రము చేయవలదు. వియ్యపురాలితో మీరే స్వయముగా మాటలాడుడు. మధ్యవర్తుల ద్వారా కబురంపకుడు. “వదినెగారూ, నా చేయి బాగులేదు, శక్తికొలది పంపుచున్నాను. పై పండుగకు మీరును రండు, కలిసి చుట్టుదము” అని చెప్పుడు. ఆమెయు ఒక తల్లియే. ఒకప్పుడు ఆమె పుట్టింటివారును ఇట్లే గంపలు లెక్కించుకొని యుందురు. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. ఏ చట్టమును మన వంటయింటికి వచ్చి సకినములను లెక్కపెట్టదు; ఆ లెక్కను మానవలసినది అత్తగార్లమైన మనమే. ఈ పత్రికను చదువు అత్తగార్లు, సారె తెచ్చిన కోడలిని “ఎన్ని తెచ్చితివి?” అని కాక, “మీ అమ్మ చేయి ఎట్లున్నది?” అని ముందడుగుదురుగాక.

పండుగ పిమ్మట ఈ సోదరి ఏమి జరిగినదో వ్రాయుదునని మాట యిచ్చినది. తక్కిన సోదరీమణులును తమ తమ యిండ్లలో సారెల బరువును ఎట్లు తగ్గించుకొనిరో, వాము పాలు ఎక్కువ తక్కువలెట్లు చేయుదురో వ్రాసి పంపిన, పై నెల ముచ్చటలో సంతోషముతో చేర్చుకొందును.