మిల్లీసెకన్ల లెక్క తేల్చగలరా?

వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని తల పక్కకి తిప్పారనుకోండి. కళ్లముందు దృశ్యం కూడా వెంటనే తిరగాలి. కాస్త వెనకబడితే చాలు, కళ్లు ఒకటి చెబుతాయి, లోపలి చెవి ఇంకోటి చెబుతుంది. కడుపులో తిప్పేస్తుంది. తల కదిలాక తెర మారేదాకా 20 మిల్లీసెకన్లు దాటకూడదన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. 90 హెర్ట్జ్ తెరపై ఒక్క ఫ్రేమ్‌కే 11 పోతాయి.

మరి ఎలా నెట్టుకొస్తున్నారు? తల ఎటు వెళ్తుందో ముందే అంచనా కట్టి బొమ్మ గీస్తారు. తెరకి పంపే ముందు తల తాజా స్థితి చూసి, ఆ బొమ్మనే కొంచెం జరుపుతారు. దీన్నే టైమ్‌వార్ప్ అంటారు. దీని వెనక ఉన్నది మీరు ఇంటర్‌లో విసుక్కుంటూ చదివిన మాత్రికలే!

దూరం నుంచి రోబోను నడిపేచోట ఈ కిటుకు ఒక్కటే సరిపోదు. రోబో చెయ్యి అప్పటికే గోడను తాకేస్తే బొమ్మ జరిపి ఏం లాభం? మామూలు గాజు ఫైబర్‌లో వెలుగుకు వెయ్యి కిలోమీటర్లకు 5 మిల్లీసెకన్లు పడుతుంది. దాన్ని ఎవరూ తగ్గించలేరు. 2001 సెప్టెంబరులో న్యూయార్క్‌లో కూర్చున్న వైద్యులు ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న రోగికి రోబోతో పిత్తాశయం తొలగించారు. అప్పటి ఆలస్యం సుమారు 155 మిల్లీసెకన్లు. అందులో దాదాపు సగం వీడియోను కుదించి, విప్పడానికే పోయింది. ఇంజినీరుకు పని దొరికేది ఆ సగంలోనే.

రెజ్యూమెలో ‘వీఆర్ డెవలపర్’ అని ఎవరైనా రాసుకుంటారు. నాలుగు వారాల కోర్సు సర్టిఫికెట్లకు కొదవ లేదు. మీరు ఇంకో పని చేయండి. ల్యాప్‌టాప్ తెరపై మిల్లీసెకన్ల స్టాప్‌వాచ్ తెరిచి, యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌ను దానివైపు తిప్పండి. క్యామ్ చూపే దృశ్యాన్ని పక్కనే ఉంచి, రెండూ పడేలా ఫోన్‌తో ఫొటో తీయండి. రెండు అంకెల తేడాయే ఆలస్యం. (60 హెర్ట్జ్ తెరయితే కొలతలో 16 మిల్లీసెకన్ల వరకు అటూ ఇటూ కావచ్చు, అదీ రాసిపెట్టుకోండి.) ఇరవైసార్లు తీయండి. సగటు ఒక్కటే చూడకండి, అన్నిటికన్నా ఎక్కువ ఎంతో కూడా చూడండి. రోబో నడిపేవారిని దెబ్బతీసేది అప్పుడప్పుడూ వచ్చే ఆ కుదుపే. తర్వాత బఫర్ తగ్గించండి, ఫ్రేమ్ రేటు మార్చండి, అదే వీడియోను వైఫైలో పక్క ల్యాప్‌టాప్‌కి పంపండి. ఇలాంటిచోట టీసీపీ వదిలి యూడీపీ ఎందుకు వాడతారో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇది సీఎస్‌ఈ వాళ్ల వ్యవహారమని ఈసీఈ, మెకానికల్ విద్యార్థులు పక్కకు తప్పుకోకండి. ఆలస్యం ఉన్న వ్యవస్థ ఎందుకు ఊగిపోతుందో చెప్పేది మీ కంట్రోల్ సిస్టమ్స్ పేపరే. ఇంటర్వ్యూలో ‘ఇంత ఉండేది, ఇది మార్చాను, ఇంతకి దిగింది’ అని చెప్పండి. దిగకపోతే ఎందుకు దిగలేదో చెప్పినా వింటారు.