పాలికిచ్చిన ఆవు

2018 జూలైలో మన ప్రధాని నరేంద్ర మోదీ రువాండా వెళ్లి, రువేరు అనే ఊళ్లో పేదలకు 200 ఆవులిచ్చి వచ్చారు. ఆ ఫొటో చూసి 'ఇక్కణ్నుంచి ఆవుల్ని విమానమెక్కించారా' అని అడిగినవాళ్లున్నారు. లేదండీ, అక్కడే కొన్నారు. అయినా చెప్పుకోవాల్సింది ఆవుల గురించి కాదు, వాటితో పాటు ఉన్న షరతు గురించి.

ఆ పథకం పేరు 'గిరింకా'. 'నీకో ఆవు కలగాలి' అని ఆ దేశపు భాషలో దీవెన. 2006లో మొదలైంది. నిరుపేద కుటుంబానికి ఓ ఆవునిస్తారు. డబ్బు కట్టక్కర్లేదు. కానీ దానికి పుట్టిన మొదటి పెయ్యదూడను ఇరుగుపొరుగున ఉన్న మరో పేద ఇంటికి ఇచ్చెయ్యాలి. ఆ తర్వాత పుట్టినవన్నీ వాళ్లవే.

ఇందులో కొత్తేముంది, మన ఊళ్లలో పాలికివ్వడం లేదా అంటారు. ఉంది. పెయ్యో పడ్డో ఉన్నాయన, మేపే ఓపిక లేక, కూలి చేసుకునే ఇంటికి తోలతాడు. వాళ్లు గడ్డి కోసి, కుడితి పెట్టి సాకుతారు. ఈనాక వెల కట్టి చెరిసగం పంచుకుంటారు. పాలు అనే మాటకున్న రెండర్థాలూ ఇక్కడ చక్కగా అతుకుతాయి. చేతిలో రూపాయి లేని మనిషి పాడి మొదలుపెట్టడానికి ఇది మంచి దారే. కాకపోతే ఒక సగం ఎప్పుడూ ఇచ్చినాయన ఇంటికే తిరిగి వెళుతుంది. ఆయన మంచివాడైతే సరే. కాకపోతే వెల కట్టే రోజున తెలుస్తుంది.

రువాండా వాళ్లకు ఈ బాధ మనకంటే బాగా తెలుసు. అక్కడ పూర్వం 'ఉబుహాకే' అనే ఆచారం ఉండేది. దొర ఆవునిస్తాడు. తీసుకున్నవాడు పాలు తాగుతాడు, బదులుగా దొరకు చాకిరీ చేస్తాడు. దొరల్లో ఎక్కువమంది తుట్సీలు, చాకిరీ చేసేవాళ్లలో ఎక్కువమంది హుటూలు. 1954లో రాజు ముతారా దాన్ని రద్దు చేశాడు గానీ పగలు రద్దు కాలేదు. 1994లో వంద రోజుల్లో సుమారు 8 లక్షల మందిని, ప్రధానంగా తుట్సీలను, చంపేశారు. వాళ్ల మందల్నీ నరికేశారు.

అలాంటి చోట ఆవునిచ్చి, 'బాకీ నాకు కాదు, పక్కింటికి తీర్చు' అనడం చిన్న మాట కాదు. ఆ పక్కిల్లు నిన్నటి పగవాడిది కూడా కావచ్చు. దూడను అప్పగించడాన్ని అక్కడ 'క్వితురా' అంటారు. చాటుగా కాదు, ఊరి ముందు జరుగుతుంది.

ఇక సంసారం లెక్క. అక్కడివన్నీ కొండవాలు చేలు, చిన్న చిన్న చెక్కలు. బీళ్లు లేవు, కట్టేసి మేపాలి. పిల్లలు తాగగా మిగిలిన పాలు అమ్ముకుంటారు. నన్నడిగితే పాలకంటే పేడే పెద్ద లాభం. పాలు ఆవు ఎండిపోయేదాకే. పేడ మాత్రం ఏడాది పొడుగునా చేనుకు అందుతుంది.

అంతా బాగుందని కాదు. గడ్డి పెంచుకునేందుకు కాస్త నేల, కట్టేసేందుకు పాక ఉండాలంటారు. అవీ లేని కటిక పేద ఎక్కడికి పోవాలి? అర్హులు కానివాళ్లకు ఆవులిచ్చారని, లంచాలడిగారని ఆరోపణలూ వచ్చాయి. ఆవులున్న చోట ఆఫీసులు కూడా ఉంటాయి కదా!

మన దగ్గర 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల, కురుమలకు 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చింది. ఇచ్చిన గొర్రెలే మళ్లీ సంతకు చేరాయని విమర్శలొచ్చాయి. ఒక్క పిల్లనైనా పక్కింటికి ఇవ్వాలన్న షరతు అందులో లేదు. అదే ఉంటే, గొర్రెలు ఇంట్లో ఉన్నాయో లేవో కనిపెట్టడానికి అధికారి అక్కర్లేదు. తన వంతు కోసం ఎదురుచూసే పక్కింటావిడే రోజూ దొడ్లోకి తొంగిచూస్తుంది.

రువేరులోనూ అంతే. ఆవు చూడి కట్టిందంటే రెండిళ్ల వాళ్లు తొమ్మిది నెలలు లెక్కపెట్టుకుంటారు. తీరా కోడెదూడ పుట్టిందనుకోండి, పక్కింటివాళ్లు ఇంకో ఈత దాకా ఆగాల్సిందే.