పచ్చబొట్టును గూర్చి ఒక మాట

గడచిన ఉత్సవమునాడు మన ఆలయమున జరిగిన సంగతిని సోదర సోదరీమణులలో చాలమంది చూచియే యుందురు. అమెరికాలోని హోనోలులు నగరమున చదువుకొని వచ్చిన మన యువకుడొకడు రథపు మోకు పట్టుకొనగా, అతని ముంజేతిపై ధ్యానముద్రలో నున్న బుద్ధుని రూపము పచ్చబొట్టుగా కానవచ్చినది. పెద్దలు కొందఱు అభ్యంతరము చెప్పి, అర్చకులమైన మమ్ము అడిగిరి. మేము ఆలోచింపకయే "చేయి కప్పుకొమ్ము, నాయనా" అంటిమి. అతడు మాటాడక మోకు విడిచి వెడలిపోయెను. నాటినుండి గుడికి రాలేదు. అతని తల్లి మాత్రము ప్రతి శనివారము వచ్చి, హారతి కన్నుల కద్దుకొని, మమ్ము పలుకరింపకయే పోవుచున్నది.

ఇది మా మనస్సును కలచినందున, బౌద్ధులు ఈ విషయమున ఏమందురో తెలిసికొనవలెనని పూనుకొంటిమి. మేము గొప్ప చదువులు చదివినవారము కాము. తోటబడిలో నేర్చిన అక్షరములే మా పెట్టుబడి. తెలిసినంత చెప్పుచున్నాము.

పంచశీలములలో పచ్చబొట్టు మాటయే లేదు. భిక్షువుల వినయపిటకమున మాత్రము, రాజదండనగా శరీరమున ముద్ర వేయబడినవానికి ప్రవ్రజ్య ఈయరాదను నియమము కలదు. అది నేరమునకు సంబంధించిన మాట గాని అలంకారమునకు సంబంధించినది కాదు. థాయిలాండులోని వాట్ బాంగ్ ఫ్రా విహారమునందైతే భిక్షువులే భక్తుల వీపులపై మంత్రాక్షరములతో యంత్రములు పొడుచుచున్నారు. జపానులో 1872 మొదలు 1948 వఱకు ప్రభుత్వమే పచ్చబొట్టును నిషేధించెను. కావున ఒక్క మతమువారే అయినను ఒక్క మాటపై లేరు.

ఆ యువకుడు చదివిన హవాయి ద్వీపములు మనవంటివే. చెఱకు తోటలకై కూలీలను తెచ్చిన చోటు. 1885 నుండి జపానువారు ఒప్పందముపై వేలకొలది వచ్చిరి. వారి వెనుక 1889లో హోంగ్వాంజి శాఖ గురువు వచ్చి ధర్మము చెప్పెను. 1918లో హోనోలులులో కట్టిన వారి పెద్ద ఆలయమునకు భారతదేశపు పోకడలనే పెట్టుకొనిరట! 1900 జనవరిలో ఒకినావా ద్వీపమునుండి మొదటి జట్టుగా ఇరువదియాఱుగురు పురుషులు దిగిరి. పిదప వారి స్త్రీలును వచ్చిరి. ఆ స్త్రీల చేతులపై, వ్రేళ్లపై 'హాజిచి' యను నీలి గుర్తులుండెడివి. పెండ్లియైనదానికి అది గౌరవము. అది లేనిదే పరలోకమున సుఖము లేదని వారి నమ్మకము. 1899లోనే జపాను ప్రభుత్వము దానిని నిషేధించియుండెను. తోటలలో తక్కిన జపానువారు ఆ చేతులను చూచి నవ్విరి. తల్లులు సిగ్గుపడి చేతులు దాచుకొనిరి. చెఱకు నఱకు చేతులు, బిడ్డల కన్నము పెట్టు చేతులు! అదే మనుమరాండ్రలో కొందఱు నేడు ఆ గుర్తులను వెదకి వెదకి మరల వేయించుకొనుచున్నారు.

ఇది తెలిసినప్పుడు మాకు మా నాయనమ్మ జ్ఞాపకము వచ్చినది. ఆమె ముంజేతిపై తులసికోట, గడ్డముపై మూడు చుక్కలు. మన దేశమున ఎఱుకలవారి స్త్రీలు ఊరూర తిరిగి పచ్చలు పొడిచెడివారు. "నగలు నట్రా ఇక్కడే ఉంటాయి, నాతో వచ్చేది ఇదొక్కటే" అని నాయనమ్మ తరచు అనెడిది. ఓడలు దిగిన మన పెద్దల పేర్లు వ్రాసిన పుస్తకములలో వారి ఒంటి గుర్తులను గూడ దొరల గుమాస్తాలు వ్రాసికొనిరి. తెల్లవాడు గుర్తుపట్టుటకు వ్రాసికొనినదానిని చూచి మనము మనవారిని గుర్తుపట్టుచున్నాము. ఆ నాయనమ్మను గర్భగుడి యెదుట ఎవ్వరును చేయి కప్పుకొమ్మనలేదు.

అట్లని ఏది యెక్కడ వేయించుకొనినను సరియే యని మా అభిప్రాయము కాదు. దేవుని రూపమును కాలిపై, నడుము క్రింద వేయించుకొనుట మాకు సమ్మతము కాదు. బౌద్ధులును దానిని సహింపరు. 2016లో బర్మావారు పిక్కపై బుద్ధుని బొమ్మ గల యాత్రికుని దేశమునుండి పంపివేసిరి. కాని 2014లో సింహళమున, చేతిపై బుద్ధుడున్న ఆంగ్ల స్త్రీని నిర్బంధించి పంపివేయగా, 2017లో ఆ దేశపు సుప్రీంకోర్టు అది అన్యాయమని తేల్చి ఆమెకు పరిహార మిప్పించెను. బుద్ధుని పేర అంత కోపమేల? మన అమరావతి స్తూపపు తొలి శిల్పులు బుద్ధుని రూపమునే చెక్కక, పాదముద్రలు, ఖాళీ సింహాసనము, బోధివృక్షము చెక్కి ఊరకుండిరి. అదియు నొక మర్యాదయే. పొడిపించుకొనవలెనను పిల్లలు దానిని తలచుకొందురు గాక! సూది శుభ్రముగా లేనిచో కామెర్ల రోగము వచ్చునని గూడ తల్లిదండ్రులు చెప్పవలెను.

ఇక మన యువకుని సంగతి. అతని బొమ్మ ముంజేతిపై నున్నది, నాయనమ్మ తులసికోట యున్న చోటనే. మోకు పట్టిన చేయి అది. బుద్ధుని దశావతారములలో నొకనిగా చెప్పుకొను మనము అతని రూపమునకే గుడ్డ కప్పుమంటిమి! నవ్వువచ్చుచున్నది, సిగ్గును వేయుచున్నది. పెద్దలలో ఇంకను అంగీకరింపనివా రున్నారు. వారి మాటను ఈ పత్రికలోనే వ్రాయవలెనని కోరుచున్నాము. మేము మాత్రము వచ్చు శనివారము హారతి యైన వెంటనే ఆ తల్లిని ముందుగా పలుకరించి, ఆమె వెంట వారి యింటికి ప్రసాదము తీసికొనిపోవుదుము.