సందర్భానికో కన్ను

'సుముహూర్తం... సుముహూర్తం' అన్నారు పంతులుగారు. గట్టిమేళం మోగింది. అడ్డుతెరకు ఇటునుంచి ఒక చెయ్యి, అటునుంచి ఒక చెయ్యి... జీలకర్రా బెల్లం పెట్టేశారు. తెర దిగింది. పెళ్లికూతురు తలెత్తి చూసింది. ఆ ఒక్క చూపు కోసమే కదా ఇంత హడావుడి! సరిగ్గా ఆ క్షణంలో ఫొటోగ్రాఫర్ ఏం చేస్తున్నాడూ అంటే... వంగి, బ్యాగు తెరిచి, లెన్సు మారుస్తున్నాడు.

నెలకి ఆల్బమ్ వచ్చింది. తలంబ్రాలున్నాయి, అప్పగింతలున్నాయి, భోజనాల బంతిలో మేనమామ అప్పడం విరుస్తున్న ఫొటో కూడా ఉంది. ఆ చూపు మాత్రం లేదు. 'మరోసారి పెట్టండమ్మా' అని తీయించుకునేవాళ్లూ ఉంటారు. చేతులు పెడతారు. ఆ కళ్లలో బెరుకు మాత్రం మళ్లీ రాదు.

కెమెరా మంచిదే. ఫొటోగ్రాఫరూ కొత్తవాడేం కాదు. తేడా కొట్టింది లెన్సు దగ్గర. ఏ పనికి ఏ లెన్సు అన్నది ముందే తేల్చుకోకపోతే ఇలాగే అవుతుంది. అది పెళ్లి ఫొటోల బాధే కాదు. కాలేజీ ఫొటోగ్రఫీ క్లబ్బులో చేరిన అమ్మాయి 'నాన్నా, ఇంకో లెన్సు కావాలి' అన్న రోజున ఇంట్లోనూ అదే చర్చ. 'కెమెరాతోపాటే ఇచ్చారుగా, మళ్లీ ఇంకోటెందుకు?' అని నాన్న. నిజమే, కొన్ని లెన్సుల ధర కెమెరా ధరను మించిపోతుంది. కానీ అయిదారేళ్లకు కెమెరా పాతబడుతుంది. జాగ్రత్తగా వాడితే లెన్సు ఇరవై, ముప్ఫై ఏళ్లు నిలుస్తుంది. ఖర్చు పెట్టేదేదో లెన్సు మీద పెట్టమని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.

గుమ్మం... కిటికీ... గొట్టం!
లెన్సు మీద మి.మీ. అని ఓ అంకె ఉంటుంది. అది తగ్గేకొద్దీ ఎక్కువ మేర కనిపిస్తుంది. పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరకొస్తుంది. 24 మి.మీ. అంటే ఇంటి గుమ్మంలో నిలబడి వీధంతా చూసినట్టు... దాదాపు 84 డిగ్రీల మేర. 50 మి.మీ. అంటే కిటికీలోంచి చూసినట్టు... 46 డిగ్రీలు. 300 మి.మీ. అయితే గొట్టంలోంచి చూసినట్టే... 8 డిగ్రీలే. ఈ లెక్కలన్నీ పాత ఫిల్మంత సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలకు. మామూలు ఇళ్లలో ఉండే చాలా కెమెరాల్లో సెన్సర్ చిన్నది. వాటిలో 50 వేస్తే 75 లేదా 80లా పనిచేస్తుంది. కొనేముందు ఈ సంగతి అడగకపోతే ఇంటికొచ్చాక 'ఇదేంటి, గదిలో సగం మందే పడుతున్నారు' అని తల పట్టుకోవాలి.

రెండో అంకె ఎఫ్. ఇది తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ వెలుగును లోపలికి రానిస్తుంది. ఎఫ్ 1.8 ఉంటే కార్తీక దీపాల వెలుతురు కూడా చాలు. ఎఫ్ 5.6 అయితే ఫ్లాష్ కోసం వెతుక్కోవాలి.

జీవితమంతా ఒక్కటే!
ఇన్ని లెన్సులెందుకు, ఒక్కటి చాలదా? చాలిన మహానుభావుడు ఉన్నాడు. ఫ్రాన్సుకు చెందిన హెన్రీ కార్టియర్ బ్రెసాన్. 1930ల్లో చేతికి తీసుకున్న చిన్న లైకా కెమెరా, దానికో 50 మి.మీ. లెన్సు... ఎప్పుడో తప్ప వేరేది బిగించేవాడు కాదు. ఎదుటివాళ్ల కంట పడకుండా కెమెరా మీది మెరిసే భాగాలను నల్లగా కప్పేసేవాడు. ఫ్లాష్ అంటే అసలు గిట్టదు. 1948 జనవరి 30న ఢిల్లీలో గాంధీజీని కలిశాడు. తన ఫొటోల పుస్తకం చూపించి, సెలవు తీసుకుని బయటికొచ్చాడు. కాసేపటికే హత్య వార్త! పరుగున వెనక్కి వెళ్లాడు. బిర్లా హౌస్ గేటు దగ్గర నెహ్రూ ఆ మాట జనానికి చెబుతున్నప్పుడు మసక వెలుతురులో తీసిన ఫొటో కాస్త కదిలినట్టే ఉంటుంది. అయితేనేం, ఆ రాత్రి అంతా అందులో ఉంది. లెన్సు మార్చుకునే అలవాటుంటే ఆ ఫొటో దొరికేదా అన్నది అనుమానమే.

అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లకు చాలామంది చెప్పే మొదటి మాట 50 మి.మీ. ఎఫ్ 1.8. ఉన్నవాటిలో చవకైనది ఇదే. జూమ్ ఉండదు కాబట్టి కాళ్లకు పని చెప్పాలి. దగ్గరికి నడవాలి, వెనక్కి జరగాలి. నెల తిరిగేసరికి ఎక్కడ నిలబడాలో కాళ్లకే తెలిసిపోతుంది. అన్నట్టు, మామూలు 35 మి.మీ. ఫిల్మ్ కెమెరాలకు మొదటి జూమ్ లెన్సు వచ్చింది 1959లోనే. అంతకుముందు అంతా నడకే!

ముక్కు పెద్దదవుతుందెందుకు?
సెల్‌ఫోనుతో దగ్గర్నుంచి సెల్ఫీ తీసుకుంటే ముక్కు ఉబ్బినట్టు, చెవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయి. అమ్మాయిలు ఫోన్‌ని తిట్టుకుంటారు గానీ తప్పు దూరానిది. ఫోను ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవి 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే మూడో వంతు ఎక్కువ. అందుకే ముక్కు అంత పెద్దదవుతుంది. అదే రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే? 200కీ 210కీ తేడా ఎంత! ముఖం ముఖంలా ఉంటుంది. అయితే రెండు మీటర్ల నుంచి ముఖం నిండుగా రావాలంటే 85 నుంచి 105 మి.మీ. లెన్సు కావాలి. వ్యక్తుల ఫొటోలకు ఈ అంకెలు స్థిరపడిపోయింది అందుకే.

1984లో అమెరికా ఫొటోగ్రాఫర్ స్టీవ్ మెకరీ పాకిస్తాన్‌లో, పెషావర్ దగ్గరి శరణార్థుల శిబిరానికి వెళ్లాడు. గుడారంలో నడుస్తున్న బడిలో ఓ అఫ్గాన్ పిల్ల కనిపించింది. చిరుగుల ఎర్రటి ముసుగు, ఆకుపచ్చ కళ్లు. అతని కెమెరాకు ఉన్నది నికాన్ 105 మి.మీ. లెన్సు. మరుసటి ఏడాది జూన్‌లో ఆ ఫొటో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రమై ప్రపంచమంతా తిరిగింది. ఆ అమ్మాయికి మాత్రం తెలియదు! 2002లో మళ్లీ వెతుక్కుంటూ వెళ్లి చూపించేదాకా తన ఫొటోను తనే చూడలేదు షర్బత్ గులా. తీసినవాడికి పేరొచ్చింది, ఆమెకేమొచ్చిందని అడిగినవాళ్లూ ఉన్నారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. పెళ్లిలోనో జాతరలోనో పొడుగు లెన్సుతో దూరాన్నుంచి ఎవరి ముఖమో పట్టేసేవాళ్లు కాస్త ఆలోచించాల్సిన సంగతే.

ఇక గ్రూపు ఫొటో. ఇంటిల్లిపాదీ వరసగా నిలబడతారు. గది చిన్నది. ఫొటోగ్రాఫర్ 16 లేదా 18 మి.మీ. పెట్టి 'అందరూ పడ్డారు' అంటాడు. పడతారు... కానీ అంచుల్లో నిలబడినవాళ్లు అడ్డంగా సాగిపోతారు. చివరనున్న పెద్దత్తయ్య ఆ ఫొటోను ఏడాదిపాటు ఎవరికీ చూపించనివ్వదు! వీధి వాకిట్లోకి తీసుకెళ్లి, పది అడుగులు వెనక్కి జరిగి, 35 లేదా 50తో తీస్తే ఈ గొడవ ఉండదు. గది దాటే వీల్లేకపోతే సన్నగా ఉన్నవాళ్లను అంచులకు పంపడం పాతకాపుల చిట్కా.

ఉప్పలపాడులో ఒకటి... పులికాట్‌లో ఒకటి
పక్షుల ఫొటోలనగానే 600 మి.మీ. అంటారు కుర్రాళ్లు. ఎక్కడికెళుతున్నారో చూసుకుంటే సగం ఖర్చు తగ్గుతుంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుల్లోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గుంపులుగా వాలతాయి. ఊరివాళ్లు వాటిని బెదరనివ్వరు కాబట్టి అవి మనుషులకు అలవాటుపడ్డాయి. గట్టు మీంచి 200, 300 మి.మీ. లెన్సుతో హాయిగా తీసుకోవచ్చు. పులికాట్ రాజహంసల సంగతి వేరు. నీళ్ల మధ్యలో ఎక్కడో గులాబీ రంగు గీతలా ఉంటాయి. అక్కడ 500, 600 ఉన్నా 'ఇంకాస్త ఉంటే బాగుండు' అనిపిస్తుంది. కొనలేకపోతే అద్దెకు తీసుకోవచ్చు. హైదరాబాద్, విజయవాడల్లో రోజు లెక్కన ఇచ్చేవాళ్లున్నారు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. లెన్సు పొడుగయ్యేకొద్దీ చెయ్యి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది. 200 మి.మీ. అయితే షట్టరు వేగం సెకనులో రెండొందలో వంతుకు తగ్గకూడదన్నది పాత లెక్క. ఎగిరే పక్షికి అదీ చాలదు. వెయ్యో వంతు, రెండు వేలో వంతు కావాలి.

క్రికెట్ మ్యాచిలో బౌండరీ దగ్గర వరసగా కనిపించే తెల్లటి గొట్టాలు కూడా ఈ జాతివే. తెలుపెందుకు? షోకు కోసం కాదు. గంటల తరబడి ఎండలో ఉంటే లోపలి లోహం, గాజు వేడెక్కి వ్యాకోచిస్తాయి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. ఎండాకాలంలో మేడ మీద సున్నం వేయించినట్టన్నమాట.

కొవ్వొత్తి వెలుగులో సినిమా
వెలుగు కోసం లెన్సును వేటాడినవాళ్లలో హాలీవుడ్ దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్‌ది ప్రత్యేక కథ. 18వ శతాబ్దపు కథతో 'బ్యారీ లిండన్' తీస్తూ, రాత్రి దృశ్యాల్లో కరెంటు దీపాలు పెట్టనన్నాడు. కొవ్వొత్తులే వెలగాలి. అందుకు తగ్గ లెన్సు బజారులో లేదు. జర్మనీకి చెందిన జైస్ కంపెనీ 1966లో 50 మి.మీ. ఎఫ్ 0.7 లెన్సులు పదే పది తయారుచేసింది. ఆరు అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు వెళ్లాయి. ఒకటి కంపెనీ అట్టిపెట్టుకుంది. మిగిలిన మూడూ కుబ్రిక్ కొన్నాడు! అవి సినిమా కెమెరాకు పట్టవు కాబట్టి కెమెరానే కోసి మార్పించాడు. ఇంకో చిక్కు... అంత వెలుగు మింగే లెన్సుకు ఫోకస్ అతి పల్చన. నటుడు కాస్త ముందుకు వంగితే ముఖం మసకే. అందుకే ఆ దృశ్యాల్లో అందరూ బొమ్మల్లా నెమ్మదిగా కదులుతుంటారు. 1975లో వచ్చిన ఆ సినిమా ఛాయాగ్రాహకుడు జాన్ ఆల్కాట్‌కు ఆస్కార్ తెచ్చిపెట్టింది.

ఇదే పాఠం పుట్టినరోజు పార్టీలోనూ పనికొస్తుంది. ఎఫ్ 1.8 పెట్టి కొవ్వొత్తి ఊదుతున్న పాపను తీస్తే పాప కళ్లు స్పష్టంగా వస్తాయి, వెనక తాతయ్య మసకబారిపోతారు. ఇద్దరూ కావాలంటే ఎఫ్ 4 దగ్గరికి రావాల్సిందే.

చీమకో లెన్సు
పెరట్లో జిల్లేడు పువ్వు మీద వాలిన సీతాకోకచిలుక రెక్కల పొడి కూడా కనిపించాలంటే మాక్రో లెన్సు ఉండాలి. 50, 60 మి.మీ. మాక్రోతో మరీ దగ్గరికెళ్లాలి, అది కాస్తా ఎగిరిపోతుంది. 100 మి.మీ. చుట్టుపక్కలది అయితే కాస్త ఎడం ఉంటుంది. డబ్బులేని విద్యార్థులు చేసే చవక పని ఇంకోటుంది. కొన్ని వందల రూపాయలకు దొరికే రింగుతో 50 మి.మీ. లెన్సును తిరగేసి బిగించడం. చీమ మీసాలు కూడా లెక్కపెట్టొచ్చు. కాకపోతే ఆటోఫోకస్ ఉండదు, లెన్సు వెనకభాగం బయటికొస్తుంది కాబట్టి దుమ్ము పడకుండా చూసుకోవాలి.

ఇన్ని చెప్పుకున్నాక కూడా ఏది కొనాలో తేలలేదా? ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్న పాత ఫొటోలు తెరవండి. ప్రతి డిజిటల్ ఫొటో వివరాల్లోనూ అది ఎన్ని మి.మీ. దగ్గర తీసిందో నమోదై ఉంటుంది. ఓ వంద ఫొటోలు చూసి కాగితం మీద రాసుకోండి. ఎక్కువ భాగం 18 దగ్గరే ఉంటే వెడల్పు లెన్సు, 55 దాటి ఇంకా కావాలని తపించినట్టుంటే పొడుగు లెన్సు. షాపువాడి సలహా కన్నా ఈ కాగితం నమ్మదగింది.

కొన్నాక అసలు శత్రువు దొంగ కాదు, బూజు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీరపు ఊళ్లలో మరీను. లెన్సును అపురూపంగా తోలు సంచిలో చుట్టి బీరువాలో దాచేస్తారు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి లోపలి గాజు మీద సాలెగూడు అల్లుకుంటుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు... ఇంతే కావాల్సింది. పొట్లాలను అప్పుడప్పుడూ మారుస్తుండాలి. నెలకోసారైనా లెన్సు బయటికి తీసి వాడాలి.

మావయ్యగారి పాత ఫిల్మ్ కెమెరా ఏ అటక మీదో ఉందా? దాని లెన్సు పారేయకండి. తగిన అడాప్టర్ దొరికితే ఇప్పటి కెమెరాలకు చాలావరకు పడుతుంది. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, అంతే. ముందుగా రెండు మూతలూ తీసి, ఒక పక్క నుంచి టార్చి వేసి రెండో పక్క నుంచి చూడండి. దుమ్ము నలుసులైతే ఫరవాలేదు. దారపు పోగుల్లాంటివి కనిపిస్తే మాత్రం మంచి లెన్సుల పక్కన పెట్టకుండా బాగుచేసేవాడి దగ్గరికి తీసుకెళ్లండి.